ఉబుంటులో ఎన్విడియా డ్రైవర్: అప్‌డేట్ తర్వాత నల్ల తెర ఎందుకొస్తుంది, ఎలా బాగు చేసుకోవాలి

తమ్ముడూ, నువ్వు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కట్టించిన డెస్క్‌టాప్, ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 కార్డు, విండోస్ 11 పక్కన ఉబుంటు 24.04 లినక్స్. ఎన్విడియా సైటు నుంచి డాట్ రన్ ఫైలు, అంటే పేరు చివర .రన్ అని ఉండే ఇన్‌స్టాలర్, దించుకుని డ్రైవర్ వేశావు. పది రోజులు బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత అప్‌డేట్ ఏదో అయింది, రీస్టార్ట్ చేస్తే నల్ల తెర, ఎడమ మూలన మిణుకుమనే గీత. షాపులో అడిగితే లినక్స్ తీసేయమన్నారు. నీకేమో అమీర్‌పేటలో చేరిన మెషీన్ లెర్నింగ్ కోర్సుకు అదే కావాలి.

కార్డు పోలేదు. విండోస్‌లో తెర మామూలుగానే వస్తోందని నువ్వే రాశావు కదా, అక్కడితో ఆ భయం వదిలేయ్. లినక్స్ తీసేయక్కర్లేదు, ఫార్మాట్ కూడా అక్కర్లేదు. నెట్ సరిగ్గా ఉంటే గంటలోపు అయిపోయే పని.

ఒక్క మాట. కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, టైప్ చేసేది మామూలుగా చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే. అడ్డగీత ఉన్నచోట అడ్డగీత, ఖాళీ ఉన్నచోట ఖాళీ పెట్టు.

ముందు తెర తెచ్చుకుందాం. నీ మెషీన్లో రెండు సిస్టమ్‌లున్నాయి కాబట్టి ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలని అడిగే గ్రబ్ మెనూ ఎలాగూ వస్తుంది. అందులో ఉబుంటు కిందనే 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు' అని ఉంటుంది. దాంట్లోకి వెళ్తే కర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ గుండెకాయ) వెర్షన్లు వరసగా కనిపిస్తాయి, కొత్తది పైన, పాతది కింద. పక్కన రికవరీ మోడ్ అని లేని పాత కర్నెల్‌ని ఎంచుకుని ఎంటర్ కొట్టు. చాలావరకు నీ డెస్క్‌టాప్ ఎప్పటిలాగే వచ్చేస్తుంది. వచ్చిందంటే జబ్బేమిటో కూడా తేలిపోయినట్టే. అదేమిటో కింద చెప్తాను.

ఉబుంటు ఒక్కటే ఉన్నవాళ్లకు ఆ మెనూ కనపడదు. కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ మీట ఒకటి రెండుసార్లు నొక్కాలి. ఆత్రంగా దడదడా నొక్కితే మెనూ దాటిపోయి గ్రబ్ అని రాసున్న వట్టి ప్రాంప్ట్‌లో పడతారు. అక్కడ 'నార్మల్' అని టైప్ చేసి ఎంటర్ కొడితే మెనూ తిరిగొస్తుంది.

పాత కర్నెల్‌తోనూ తెర రాలేదనుకో. గ్రబ్ మెనూలో ఉబుంటు వరస మీద నిలబడి 'ఈ' మీట నొక్కు. చిన్న ఎడిటర్ తెరుచుకుంటుంది. 'లినక్స్' అనే మాటతో మొదలయ్యే పొడుగాటి వరస చివర 'క్వైట్ స్ప్లాష్' అని ఉంటుంది. దాని తర్వాత ఖాళీ వదిలి 'నోమోడ్‌సెట్' అని చేర్చి ఎఫ్10 నొక్కు. కార్డు డ్రైవర్ జోలికి పోకుండా బొమ్మ చూపించే మొరటు పద్ధతి ఇది. రిజల్యూషన్ గోరంత ఉంటుంది, విండో జరిపితే నత్తలా కదులుతుంది. మన పనికి అది చాలు. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, ఎక్కడా సేవ్ కాదు, కాబట్టి భయపడకుండా ప్రయత్నించొచ్చు. అదీ కాకపోతే నల్ల తెర మీదే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు. అక్షరాల లాగిన్ వస్తుంది. అక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడవు, కీబోర్డ్ చెడిందనుకోకు.

పేరు చివర ఎఫ్ లేని ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నవాళ్లకు ఇంకో సులువుంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌ని కార్డు నుంచి పీకి మదర్‌బోర్డు పోర్టుకు పెడితే ఇంటెల్ గ్రాఫిక్స్ మీద తెర వస్తుంది. కొన్ని బోర్డుల్లో దీనికి బయోస్‌లో ఒక సెట్టింగు మార్చాలి. నీది 12400ఎఫ్. ఆ ఎఫ్ ఉందంటే ప్రాసెసర్ లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం, కాబట్టి నీకు ఆ దారి మూసుకుపోయింది. దీనికి తిరకాసు కేసు కూడా తరచూ చూస్తుంటాను. కొత్త కార్డు కొని, కేబుల్ మాత్రం మదర్‌బోర్డుకే వదిలేసి, డ్రైవర్ వేసినా గేములు స్లోగా ఉన్నాయనేవాళ్లు. డ్రైవర్‌ని తిట్టే ముందు సీపీయూ డబ్బా వెనక్కి వంగి ఒకసారి చూసుకోవాలి.

ఇక అసలు విషయం. లినక్స్‌లో ఎన్విడియా డ్రైవర్ అంటే రెండు ముక్కలు. ఒకటి కర్నెల్ మాడ్యూల్, కర్నెల్ లోపలికెళ్లి కార్డుతో నేరుగా మాట్లాడేది. రెండోది బయట ఉండే లైబ్రరీలు, బొమ్మలు గీసే ఓపెన్‌జీఎల్, వల్కన్, కార్డు మీద లెక్కలు చేయించే క్యూడా వగైరా. బ్లెండర్ పిలిచేది ఈ రెండోదాన్ని, అది మొదటిదాన్ని పిలుస్తుంది. రెండిటి వెర్షన్ నంబరూ చివరి అంకె దాకా ఒకటే అయ్యుండాలి. అంతకంటే ముఖ్యం, మొదటి ముక్క ఏ కర్నెల్ కోసం కంపైల్ అయిందో ఆ కర్నెల్‌లోనే ఎక్కుతుంది. విండోస్‌లో ఒక డ్రైవర్ వేస్తే ఏళ్ల తరబడి అప్‌డేట్లు వచ్చినా నడుస్తూనే ఉంటుంది. లినక్స్‌లో కర్నెల్ లోపలి అమరిక వెర్షన్ వెర్షన్‌కీ మారొచ్చు, దాన్ని స్థిరంగా ఉంచుతామని కర్నెల్ రాసేవాళ్లు మాటివ్వరు. పొరపాటున కాదు, కావాలనే.

కర్నెల్ మాడ్యూల్ కుట్టించుకున్న జాకెట్టులాంటిది. ఆది జాకెట్టు ఇస్తేనే టైలర్ కొలత పట్టుకుంటాడు. కర్నెల్ హెడర్స్ అనే ప్యాకేజీ ఆ ఆది. నువ్వు డాట్ రన్ ఫైలు నడిపిన రోజు ఉన్న కర్నెల్‌కి సరిగ్గా కుట్టిచ్చింది. ఆ తర్వాత కర్నెల్ మారింది. కొత్త ఆదికి మళ్లీ కుట్టేవాడు ఎవడూ లేడు.

నీకు తెలియకుండా కర్నెల్ ఎలా మారిందంటావా? ఉబుంటులో సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడుతుంటాయి, వాటిల్లో కర్నెల్ కూడా ఉంటుంది. పైగా చిన్న మార్పులే కాదు. 24.04 విడుదలైనప్పుడు కర్నెల్ 6.8. తర్వాత వచ్చిన 24.04.2లో 6.11, 24.04.3లో 6.14. కొత్త కర్నెల్ డిస్కులో కూర్చుంటుంది, నువ్వు రీస్టార్ట్ చేసేదాకా పాతదే నడుస్తుంది. అందుకే నేరమంతా రీస్టార్ట్ మీద పడుతుంది. పాత కర్నెల్ ఎంచుకుంటే తెర వస్తుందని పైన అన్నది కూడా ఇందుకే. ఆ జాకెట్టు ఇంకా దాని కొలతకే ఉంది.

మరి పాత డ్రైవర్ ఎక్కకపోతే మామూలు డ్రైవరైనా రావాలి కదా, ఏకంగా నల్ల తెర ఎందుకు? ఉబుంటుతో పాటు నూవో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ వస్తుంది, నువ్వు ఉబుంటు వేసిన మొదటి రోజు తెర చూపించింది అదే. ఎన్విడియా డ్రైవరూ నూవో ఒకే కార్డును ఒకేసారి పట్టుకోలేవు కాబట్టి డాట్ రన్ ఇన్‌స్టాలర్ నూవోని బ్లాక్‌లిస్ట్‌లో పెడుతుంది. ఇప్పుడు కొత్త కర్నెల్‌లో ఎన్విడియా మాడ్యూల్ లేదు, నూవో వద్దని చీటీ ఉంది. కార్డును నడిపేవాడే లేడు.

ఇది జరక్కుండా కాపాడే ఏర్పాటు ఒకటుంది, పేరు డీకేఎంఎస్. కొత్త కర్నెల్ పడ్డ ప్రతిసారీ మాడ్యూల్‌ని మళ్లీ కంపైల్ చేసిపెడుతుంది. డాట్ రన్ ఇన్‌స్టాలర్ మధ్యలో దీని గురించి అడుగుతుంది కూడా. అప్పటికి డీకేఎంఎస్ వేసి ఉండకపోయినా, ఆ ప్రశ్నకి నో కొట్టినా ఈ గతే. నిన్ను తప్పు పట్టడం లేదు. విండోస్ నుంచి వచ్చినవాళ్లకి డ్రైవర్ అంటే కంపెనీ సైటే గుర్తొస్తుంది. అక్కడ అదే సరైన దారి, ఇక్కడ కాదు. కర్నెల్ ఎవరి దగ్గర తీసుకుంటున్నావో డ్రైవర్ కూడా వాళ్ల దగ్గరే తీసుకో. ఉబుంటు కర్నెల్‌కి ఉబుంటు రిపాజిటరీ, అంటే వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ గోదాము. కర్నెల్ మార్చినప్పుడు దానికి జతగా డ్రైవర్ మార్చే బాధ్యత కూడా వాళ్లదే అవుతుంది.

సరే, పాతది కడిగేద్దాం. పాత కర్నెల్‌తో లోపలికొచ్చాక టెర్మినల్ తెరిచి 'సుడో ఎన్విడియా-అన్‌ఇన్‌స్టాల్' అని కొట్టు. డాట్ రన్ ఫైలు వేసినప్పుడు తనతో పాటు పెట్టిపోయిన కమాండ్ అది. ఈలోగా ఎవరి యూట్యూబ్ వీడియోనో చూసి ఆప్ట్‌తో (ఉబుంటులో ప్యాకేజీలు వేసే, తీసే కమాండ్) కూడా ఏదో వేసి ఉంటే 'సుడో ఆప్ట్ పర్జ్' తర్వాత ఒంటి కోట్స్ మధ్య 'ఎన్విడియా-*' అని, మళ్లీ అలాగే 'లిబ్‌ఎన్విడియా-*' అని కొట్టు. అది తీసేయబోయే వాటి జాబితా చూపించి వై అడుగుతుంది. కళ్లు మూసుకుని వై కొట్టకు. ఆ జాబితాలో ఉబుంటు-డెస్క్‌టాప్ అనో జీడీఎం3 అనో కనిపిస్తే ఆగిపో, అవి పోతే డెస్క్‌టాపే పోతుంది.

నూవో మీద చీటీ కూడా తీయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. ఈటీసీ ఫోల్డర్‌లో మోడ్‌ప్రోబ్.డీ అనే ఫోల్డరుంది, అందులో ఎన్విడియా-ఇన్‌స్టాలర్-డిజేబుల్-నూవో అనే పేరుతో ఫైలుంటే తొలగించు. అదే పేరుతో ఇంకోటి యూఎస్ఆర్, లిబ్, మోడ్‌ప్రోబ్.డీ దారిలోనూ ఉండొచ్చు. ఈటీసీ లోపలి ఎక్స్11 ఫోల్డర్‌లో (ఇక్కడ ఎక్స్ పెద్దక్షరం) ఎక్సార్గ్.కాన్ఫ్ ఉంటే దాని పేరు మార్చి పక్కన పెట్టు. చివరగా 'సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యు -కె ఆల్'. బూట్ అయ్యేటప్పుడు వాడే చిన్న మూటలో కూడా పాత చీటీ కాపీ ఉంటుంది, దాన్ని తిరగరాసేది ఈ కమాండే. చివర ఆల్ ఎందుకంటే నువ్విప్పుడు పాత కర్నెల్‌లో ఉన్నావు, బాగుపడాల్సింది కొత్త కర్నెల్ మూట.

ఇప్పుడు రీస్టార్ట్ చేసి ఈసారి ఏమీ ఎంచుకోకుండా కొత్త కర్నెల్‌నే రానివ్వు. నూవోతో మామూలు తెర రావాలి. వచ్చిందంటే నేల శుభ్రమైనట్టు. రాకపోతే కొత్త డ్రైవర్ వేయకు, ఇంకా ఏదో అవశేషం మిగిలింది, ముందు అది వెతకాలి.

వేసే ముందు ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి, కార్డులోని చిప్ ఏదో, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో.

చిప్ కోసం 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కె' కొట్టి, వీజీఏ అని ఉన్న చోటు చూడు. నీకు చాలావరకు టీయూ117 అని రావాలి. డబ్బా మీది పేరు కన్నా ఈ రెండక్షరాలే నిజం చెప్తాయి. జీఎఫ్ అంటే ఫెర్మీ, జీకే కెప్లర్, జీఎం మాక్స్‌వెల్, జీపీ పాస్కల్, టీయూ ట్యూరింగ్, జీఏ యాంపియర్, ఏడీ ఆడా, జీబీ బ్లాక్‌వెల్. ఏ డ్రైవర్ నంబరు పనికొస్తుందో తేల్చేది ఈ వంశమే. ఫెర్మీకి చివరి శాఖ 390, కెప్లర్‌కి 470, మాక్స్‌వెల్, పాస్కల్‌కి 580. ట్యూరింగ్ నుంచి ఇటు కొత్త శాఖలు నడుస్తాయి.

ఇది ఇంత నొక్కి చెప్పడానికి కారణం జీటీ 730. పాత ఆఫీసు డెస్క్‌టాపుల్లో, సెకండ్ హ్యాండ్ షెల్ఫుల్లో ఈ కార్డు ఇప్పటికీ కనిపిస్తుంది. ఒకే పేరుతో రెండు వేర్వేరు చిప్‌లు అమ్మారు, కొన్నిట్లో జీఎఫ్108, కొన్నిట్లో జీకే208. మొదటిది ఫెర్మీ, దాని డ్రైవర్‌కి ఎన్విడియా 2022 చివర్లోనే మంగళం పాడేసింది. రెండోది కెప్లర్, దాని 470 శాఖ కూడా 2024లో ఆగిపోయింది. నా సలహా అడిగితే ఈ రెండు రకాల కార్డుల వాళ్లూ నూవోతోనే సర్దుకోండి. తెర చూసుకోవడానికి, సినిమా చూడటానికి అది చాలు. మెషీన్ లెర్నింగ్ అని ఎవరైనా ఆ కార్డు అంటగడుతుంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

సెక్యూర్ బూట్ కోసం 'మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్'. ఎనేబుల్డ్ అని వస్తే, నమ్మకమైన సంతకం లేని మాడ్యూల్‌ని కర్నెల్ లోపలికి రానివ్వదు. నీది పది రోజులు నడిచిందంటే అప్పుడు ఆఫ్‌లోనైనా ఉండాలి, లేదా సంతకం తంతు ఏదో జరిగైనా ఉండాలి. దొరికిన ప్రతి వీడియోలోనూ బయోస్‌లోకెళ్లి సెక్యూర్ బూట్ ఆపేయమనే చెప్తారు. పని అవుతుంది, కాదనను. కానీ నీ దగ్గర విండోస్ 11 ఉంది. వాలరెంట్ లాంటి గేము దాని మీద సెక్యూర్ బూట్ లేకపోతే తెరుచుకోదు. అంతకన్నా పెద్ద చిక్కు బిట్‌లాకర్, విండోస్ డిస్కుకి వేసే తాళం. అది ఆన్‌లో ఉండగా సెక్యూర్ బూట్ మారిస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చోవచ్చు. ఎందుకైనా మంచిది, బయోస్ ముట్టుకునే ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి ఆ కీ కాగితం మీద రాసిపెట్టుకో. నా మటుకు సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంచి డ్రైవర్ వేయమంటాను. ఉబుంటులో అదేం కష్టం కాదు.

ఇక వేయడం. చిత్రంగా ఇదే అన్నిటికన్నా చిన్న భాగం. 'సుడో ఆప్ట్ అప్‌డేట్', తర్వాత 'సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్'. కొత్త కర్నెల్ వచ్చి ఉంటే ఒకసారి రీస్టార్ట్. ఆ మీద 'ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్' కొడితే నీ కార్డుకి సరిపోయే డ్రైవర్ల జాబితా వస్తుంది, ఒకదాని పక్కన రికమెండెడ్ అని ఉంటుంది. ఆ తర్వాత 'సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్'. అంతే. టెర్మినల్ వద్దనుకుంటే 'అడిషనల్ డ్రైవర్స్' అనే యాప్‌లో అదే జాబితా బటన్లతో ఉంటుంది, ఫలితం ఒకటే.

ఆ జాబితాలో ఒకే నంబరుకి ఓపెన్, సర్వర్ అనే తోకలు చూసి తికమక పడతారు. సర్వర్ అన్నది డేటా సెంటర్ల కోసం, ఇంట్లో అక్కర్లేదు. ఓపెన్ అన్నదానికి కొంచెం కథ ఉంది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాని కెమెరా ముందే వేలు చూపించి తిట్టాడు, ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. పదేళ్లకు, 2022 మేలో, కంపెనీ తన కర్నెల్ మాడ్యూళ్ల సోర్స్ బయటపెట్టింది. ట్యూరింగ్ నుంచి కార్డులో జీఎస్‌పీ అని ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. రహస్యం అనుకున్నదంతా దాని ఫర్మ్‌వేర్‌లోకి సర్దేసి మిగతాది తెరిచారు. అందుకే పాస్కల్, అంతకు ముందువాటికి ఓపెన్ మాడ్యూల్ పనిచేయదు. ఆర్‌టీఎక్స్ 50 వరసకైతే ఓపెన్ తప్ప వేరే దారి లేదు. నీ 1650 ట్యూరింగ్ కాబట్టి రెండూ నడుస్తాయి, రికమెండెడ్ అన్నదే వేసుకో. ఇది చూసి డ్రైవరంతా ఓపెన్ సోర్స్ అయిపోయిందనుకోకు, బయటి లైబ్రరీలు ఇంకా మూసిన పెట్టెలే.

వేస్తున్నప్పుడు సెక్యూర్ బూట్ పాస్‌వర్డ్ పెట్టమని ఒక తెర రావొచ్చు, రాకపోవచ్చు. ఉబుంటు తన కర్నెల్‌కి ముందే కంపైల్ చేసి, ఉబుంటు కంపెనీ కెనానికల్ సంతకం పెట్టిన మాడ్యూళ్లు ఇస్తుంది. అవి వస్తే నిన్నేమీ అడగదు. డీకేఎంఎస్ దారిలో నీ మెషీన్లోనే కంపైల్ అయితే సంతకానికి నీ సొంత తాళంచెవి తయారవుతుంది, దాన్ని మదర్‌బోర్డుకి పరిచయం చేయాలి. అప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. సులువైనదే పెట్టు, ఒక్కసారి వాడి మర్చిపోయేదే. రీస్టార్ట్ కాగానే నీలం రంగు తెర మీద మోక్ మేనేజ్‌మెంట్ అని వస్తుంది (మోక్ అంటే ఆ సొంత తాళంచెవే). పది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కాలి. చాయ్ కోసం లేచెళ్లావో, అది దాటిపోయి మామూలుగా బూట్ అయిపోతుంది, డ్రైవర్ ఎక్కదు, కారణం తెలీక జుట్టు పీక్కుంటావు. మీట నొక్కి 'ఎన్‌రోల్ మోక్', 'కంటిన్యూ', 'యెస్', పాస్‌వర్డ్, 'రీబూట్', ఈ వరసలో వెళ్లు. బ్లూటూత్ కీబోర్డుని నమ్ముకోకు, వైరుది పెట్టు. దాటిపోతే కొంప మునగదు, 'సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్' తర్వాత వార్, లిబ్, షిమ్-సైన్డ్, మోక్ ఫోల్డర్ల లోపలి మోక్.డీఈఆర్ ఫైలు దారి ఇస్తే మళ్లీ పాస్‌వర్డ్ అడిగి, తర్వాతి బూట్‌లో అదే నీలి తెర చూపిస్తుంది. ఆ ఫైలు పేరులో మోక్ మాత్రం పెద్దక్షరాలు.

ఎక్కిందో లేదో చూడటానికి 'ఎన్విడియా-ఎస్ఎంఐ'. కార్డు పేరు, వేడి, మెమరీ ఉన్న పట్టిక వస్తే అయిపోయింది. రాకపోతే వచ్చే ఎర్రర్‌ని చదువు, చదివితే చాలా చెప్తుంది. డ్రైవర్‌తో మాట్లాడలేకపోయానంటే మాడ్యూల్ ఎక్కలేదని. అప్పుడు 'సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా' కొట్టు. 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అంటే సంతకం గొడవ, మోక్ దగ్గరికి వెనక్కి వెళ్లాలి. మాడ్యూలే దొరకలేదంటే కంపైల్ కాలేదని, 'డీకేఎంఎస్ స్టేటస్' చూడాలి. 'డ్రైవర్/లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్' అంటే అసలు సమస్యే కాదు. అప్‌డేట్‌లో లైబ్రరీలు మారాయి, మెమరీలో ఉన్నది ఇంకా పాత మాడ్యూల్. ఒక్క రీస్టార్ట్. ఈ ఎర్రర్ చూసి డ్రైవర్ మొత్తం పీకేసి మళ్లీ వేసి, బాగున్నదాన్ని చెడగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

డీకేఎంఎస్ కంపైల్ తప్పితే తొలి అనుమానం హెడర్స్ మీద. ఆది లేకుండా టైలరేం చేస్తాడు. 'లినక్స్-హెడర్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-24.04' అనే మెటా ప్యాకేజీ వేసుకుంటే ఆ వరసలో ప్రతి కొత్త కర్నెల్‌తోపాటు దాని హెడర్సూ వాటంతటవే వస్తాయి. 6.8 కర్నెల్‌లోనే ఉండిపోయినవాళ్లకు పేరులో ఆ హెచ్‌డబ్ల్యూఈ (కొత్త కర్నెళ్ల వరస) తోక ఉండదు. రెండో అనుమానం జీసీసీ అనే కంపైలర్ మీద. 22.04లో ఉన్నవాళ్లకి ఇది బాగా తగిలింది. కొత్త హెచ్‌డబ్ల్యూఈ కర్నెళ్లు జీసీసీ 12తో కంపైల్ చేసి ఇచ్చారు, సిస్టమ్‌లో ఉన్నదేమో 11. జీసీసీ-12 వేస్తే పోయింది.

మన ఊళ్లో ఇంకో కారణం కూడా కలుస్తుంది, కరెంటు. గాలివాన వస్తే చాలు, ఫట్‌మని పోతుంది. ఆప్ట్ సగంలో ఉండగా పోతే ప్యాకేజీలు సగం వేసినట్టు మిగిలిపోతాయి. తిరిగి ఆన్ చేశాక ముందు 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ', తర్వాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ -ఎఫ్'. చాలావరకు అక్కడికి సర్దుకుంటుంది. యూపీఎస్ లేకపోతే మబ్బు పట్టిన సాయంత్రం డ్రైవర్ పని పెట్టుకోకు.

ఇప్పుడు నీ కోర్సు సంగతి. ఎన్విడియా-ఎస్ఎంఐ పైవరసలో క్యూడా వెర్షన్ అని ఒక నంబరు చూపిస్తుంది. అది నీ మెషీన్లో ఉన్న క్యూడా కాదు, ఆ డ్రైవర్ గరిష్ఠంగా ఎంతవరకు నడపగలదో అది. కోర్సులో క్యూడా టూల్‌కిట్ వేసి రమ్మంటారు, చాలామంది ఇక్కడే మళ్లీ గోతిలో పడతారు. ఎన్విడియా సైటులో క్యూడా కోసం కూడా డాట్ రన్ ఫైలుంది, దాని కడుపులో ఇంకో డ్రైవరుంది. ఎన్విడియా ఆప్ట్ రిపాజిటరీలోని 'క్యూడా' అనే ప్యాకేజీ కూడా డ్రైవర్‌ని వెంటేసుకొస్తుంది. ఇంతసేపు శుభ్రం చేసినదంతా బూడిదలో పోసినట్టవుతుంది.

పైటార్చ్ అనే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీకి అవేమీ అక్కర్లేదు. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో వేసుకునే పైటార్చ్ తనకు కావాల్సిన క్యూడా రన్‌టైమ్ తనే తెచ్చుకుంటుంది, బయట డ్రైవర్ ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు. ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకుని అందులో వేసుకో. 24.04లో సిస్టమ్ పైథాన్ మీద నేరుగా పిప్ వాడనివ్వదు కూడా. వేశాక టార్చ్.క్యూడా.ఈజ్_అవైలబుల్ ట్రూ అంటే పని జరిగినట్టు. క్యూడా కంపైలర్ ఎన్‌వీసీసీతో సొంతంగా క్యూడా కోడ్ రాయాల్సి వచ్చిన రోజున మాత్రం 'క్యూడా-టూల్‌కిట్' అనే పేరున్న ప్యాకేజీ తీసుకో, అందులో డ్రైవర్ ఉండదు. ఇంకోటి, 1650లో మెమరీ 4 జీబీ, టెన్సర్ కోర్లు లేవు. క్లాసులో చెప్పే చిన్న మోడళ్లకు సరిపోతుంది. పెద్దవాటికి మెమరీ చాలలేదని ఎర్రరొస్తే అది డ్రైవర్ తప్పు కాదు, బ్యాచ్ సైజు తగ్గించు.

బ్లెండర్‌లో మాత్రం ప్రిఫరెన్సెస్, సిస్టమ్‌లోకి వెళ్లి సైకిల్స్ రెండర్ డివైసెస్‌లో క్యూడానో ఆప్టిక్సో ఎంచుకుని కార్డు పేరు దగ్గర టిక్ పెట్టు. డ్రైవర్ మార్చాక ఇది ఒకసారి చూసుకోవాలి, లేకపోతే గుట్టుచప్పుడు కాకుండా సీపీయూ మీదే రెండర్ చేస్తూ ఉంటుంది.

దారినపోతూ ఇది చదివే మిగతావాళ్లకి రెండు ముక్కలు. ఏఎండీ కార్డైతే డ్రైవర్ కోసం వెతక్కండి, 2015లో వచ్చిన కర్నెల్ 4.2 నుంచి ఏఎండీజీపీయూ అనే డ్రైవర్ కర్నెల్‌లోనే ఉంది, మీసా లైబ్రరీలు ఉబుంటుతోనే వస్తాయి. బాగా కొత్త కార్డైతే కొత్త కర్నెల్, కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే చాలు. ఫెడోరా వాళ్లకి ఆర్‌పీఎం ఫ్యూజన్‌లోని ఏకేమోడ్-ఎన్విడియా, డెబియన్ వాళ్లకి నాన్-ఫ్రీ విభాగం తెరిచాక ఎన్విడియా-డ్రైవర్. పేర్లు మారాయి గానీ వైద్యం ఇదే.

ఇంత చేసినా తెర రాకపోతే నాలుగు ఫలితాలు పంపు: 'యునేమ్ -ఆర్', 'డీకేఎంఎస్ స్టేటస్', 'మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్', నల్ల తెర వచ్చిన బూట్ తాలూకు 'జర్నల్‌సీటీఎల్ -బీ -1 -కె'లో ఎన్విడియా, నూవో అని ఉన్న వరసలు. ఫోన్‌తో మానిటర్‌ని ఏటవాలుగా తీసిన ఫొటో కాదు, అక్షరాలుగా కాపీ చేసి పెట్టు. ఏ మెట్టు దగ్గర ఆగిందో కూడా రాయి, అక్కడి నుంచి చూద్దాం.